అక్క మళ్ళీ ఓడ ఎక్కుతోంది

రేపు వరంగల్ స్టేషన్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతున్నాం. ఎర్నాకుళంలో దిగి, కొచ్చిలో ఒక రోజు ఆగి, ఆ తర్వాత లక్షద్వీప్ ఓడ. నేను, మా ఆయన, అక్క, బావ. నాలుగు బెర్తుల క్యాబిన్ ఒకటి దొరికింది. అయిదు రోజుల్లో కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులు చూపిస్తారు. రాత్రంతా ఓడ నడుస్తుంది, తెల్లారేసరికి ఒక దీవి ముందు ఆగుతుంది, పగలంతా అక్కడ తిరిగి సాయంత్రానికి మళ్ళీ ఓడలోకి వచ్చి పడుకోవాలి. లక్షద్వీప్‌లో మొత్తం 36 దీవులు, మనుషులుండేవి పదే. అన్నింటి నేలా కలిపితే 32 చదరపు కిలోమీటర్లు, అంటే మన పాకాల చెరువు నిండితే ఎంత మేర నీళ్ళుంటాయో ఇంచుమించు అంత నేల, నడిసముద్రంలో ముక్కలు ముక్కలుగా. ఈ లెక్క చెప్పిన రోజు అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. వద్దంటుందేమో అనుకున్నా. అనలేదు.

నిజానికి మా ఇద్దరిలో సముద్రం మనిషి అక్కే. 2011లో ఇదే నలుగురం వైజాగ్ నుంచి అండమాన్ ఓడలో వెళ్ళాం. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగేసరికి ఓడ రెండు రోజులు ఆలస్యమన్నారు, లాడ్జిలో పడి ఉన్నాం. మాకు దొరికింది బంక్ క్లాసు. కింద పెద్ద హాలులాంటి చోట వరసగా రెండంతస్తుల మంచాలు, ఇంజను హోరు, డీజిల్ వాసన. ఓడ కదిలినప్పుడు అందరం పైకెక్కి నిలబడ్డాం. యారాడ కొండ పక్కనుంచి బయటికొచ్చి, అది చిన్నదై, నీలంగా మారి, కనిపించకుండా పోయేదాకా చూస్తూనే ఉన్నాం. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే అయిన ఆ క్షణాన నాకు కడుపులో తిప్పడం మొదలైంది, అంతే, మర్నాడు సాయంత్రం దాకా తలెత్తలేదు.

పక్క మంచం మీద శ్రీకాకుళం నుంచి వెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లో స్థిరపడిన కుటుంబం ఉండేది. (ఇప్పుడు ఆ ఊరి పేరు శ్రీ విజయపురం, 2024లో మార్చారు, నా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది.) వాళ్ళలో పెద్దావిడ నా మొహం చూసి, "ఏటమ్మా, సముద్రం కొత్తా? ఖాళీ కడుపుతో ఉండకు, ఇంకా ఎక్కువైపోద్ది" అని మరమరాలు పెట్టింది. ఓడ మధ్యలో ఊపు తక్కువుంటుందని, పైకెళ్ళి కూర్చుంటే దూరంగా ఆకాశం, నీళ్ళు కలిసే గీతనే చూస్తుండాలని ఆమే చెప్పింది. మందుబిళ్ళ వాంతులు మొదలయ్యాక కాదు, ఓడ ఎక్కకముందే వేసుకోవాలని కూడా. ఆ మాటలన్నీ నాకు ఈ రోజుకూ అక్షరం పోకుండా గుర్తున్నాయి.

అక్కకు మాత్రం ఏమీ కాలేదు. కొత్తవాడ నుంచి తెచ్చుకున్న జంపఖానా ఒకటి మాతో ఉండేది, ఎర్రచారలది. దాన్ని డెక్ మీద పరుచుకుని కూర్చుంటే ఆ రెండు రాత్రుల్లో ఓడలో సగం ఆడవాళ్ళు దాని మీదికే చేరారు. చంటిపిల్లల తల్లులు, సెలవుకు ఊరెళ్ళి తిరిగొస్తున్నవాళ్ళు, పెళ్ళయి మొదటిసారి అత్తగారింటికి దీవులకు పోతున్న ఒక పిల్ల. ఆ పిల్ల ఏడుస్తుంటే అక్క తన పక్కనే పడుకోబెట్టుకుంది. మూడో నాడు పొద్దున నన్ను లేపి పైకి తీసుకెళ్ళి, నీళ్ళలోంచి లేచి గాల్లో పిట్టల్లా పోతున్న ఎగిరే చేపలను చూపించింది. సెల్యులార్ జైలు గురించి, అక్కడి బీచ్‌ల గురించి చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. నాకు అండమాన్ అంటే ఆ డెక్, ఆ జంపఖానా.

తిరిగొచ్చాక మా వీధిలో అందరూ అదే మాట, ఓరుగల్లోళ్ళకు సముద్రంతో ఏం పని అని. ఎందుకు లేదు? గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు కదా. అంతకుముందు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా గుంజుకునేవాళ్ళు, ఆయన మాత్రం పన్ను తప్ప ఏదీ ముట్టనని రాతి మీద రాయించి ఇచ్చాడు. ఓడ మునిగినవాడి బాధ ఇక్కడి రాజుకు అర్థమైంది. ఎనిమిది వందల ఏళ్ళ కిందటి మాట అది.

ఆ తర్వాత 2019 వచ్చింది. సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలకు పోతున్న పడవ మునిగింది. అందులో మన కడిపికొండ వాళ్ళూ ఉన్నారు. అక్క వాళ్ళిల్లు కాజీపేటలో, కడిపికొండ అక్కడికి దగ్గరే. ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. పోయిన వాళ్ళ ఇళ్ళకు వెళ్ళొచ్చిన రోజు నుంచి అక్క పడవ అనే మాట కూడా రానివ్వలేదు. మనవలు లక్నవరం పోదామంటే ఒడ్డునే కూర్చునేది, వాళ్ళు నీళ్ళ మీదికి పోతే తిరిగొచ్చేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు. ఎవ్వరం ఆమెను తప్పుపట్టలేదు. భయపడటానికి కారణం ఉన్నచోట ధైర్యం చెప్పడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది.

మరి ఇప్పుడెలా ఒప్పుకుందంటే, నేను ఒప్పించలేదు. నిరుడు మా ఆయన ఈ యాత్ర సంగతి ఎత్తి, ఆ మార్గంలో తిరిగే ఎంవీ కవరత్తి అనే ఓడ వైజాగ్‌లోని హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లోనే కట్టింది, ఏడు వందల మంది పడతారు అని మామూలుగా చెప్పాడు. అక్క విని ఊరుకుంది. రెండు నెలల తర్వాత తనే ఫోన్ చేసి, "వస్త గాని, లైఫ్ జాకెట్ నాకు సొంతది కావాలె" అంది. హైదరాబాద్ నుంచి రెండు తెప్పించాం. వేసుకుని బెల్టులు బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే అది చెవుల దాకా జరగకూడదు, జరిగితే వదులని లెక్క. అక్క నెల రోజులు రోజూ ఒకసారి ఇంట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని బకిల్స్ పెట్టడం నేర్చుకుంది. నాకూ నేర్పింది.

అసలు కష్టం ఓడలో కాదు, ఓడ దిగేటప్పుడు. దీవుల చుట్టూ పగడపు దిబ్బలుంటాయి, లోపల లోతు తక్కువ, పెద్ద ఓడ దగ్గరికి పోలేదు. బయటే ఆగితే ఓడ పక్కనున్న తలుపులోంచి చిన్న పడవలోకి దిగాలి, అది అలకు పైకీ కిందికీ ఊగుతుంటుంది, సిబ్బంది చేతులు పట్టుకుని దించుతారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు అదొక పరీక్షే. అందుకే మూడు నెలల నుంచి పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నడక, ఇంటికొచ్చి మెట్లు ఎక్కి దిగడం. డిసెంబర్‌లో లక్నవరం పోయాం. వేలాడే వంతెన దాటి బోటు దగ్గరికొచ్చాక అక్క జాకెట్ వేసుకుని, బోటు అంచు పట్టుకుని నిలబడింది. అయిదు నిమిషాలు కావచ్చు, పది కావచ్చు. వెనకవాళ్ళను ముందుకు పంపించాం. తర్వాత నా చెయ్యి పట్టుకుని కాలు లోపల పెట్టింది. బోటు తిరిగినంతసేపూ ఒడ్డునే చూసింది. దిగాక, "ఇంకోసారి పోదాం, ఈసారి నీళ్ళు చూస్త" అంది. అట్లా ఆ రోజు మూడుసార్లు తిరిగాం.

లక్షద్వీప్‌లో అడుగుపెట్టడానికి పర్మిట్ తీసుకోవాలి, ఆ పని పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కోసమే కొన్ని రోజులు ఆగాల్సి వచ్చింది. వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు అది మొదలుపెట్టండి. వానాకాలంలో ఈ యాత్రలు నడవవు, చలికాలం మంచిది. బ్యాగు వీపుకు తగిలించుకునేదై ఉండాలి, పడవలోకి దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా కావాలి. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి పెట్టుకున్నాం, పగడపు రాళ్ళు కాళ్ళు కోస్తాయి. నడిసముద్రంలో ఫోన్లు పనిచేయవని పిల్లలకు ముందే చెప్పాం, లేకపోతే వాళ్ళకు టెన్షన్. సంక్రాంతి సకినాలు ఒక డబ్బా, ఎల్లిపాయ కారం ఒక సీసా, మరమరాలు. మరమరాలు అండమాన్ ఓడలోని ఆ పెద్దావిడ గుర్తుగా. ఆమె ఇప్పుడెలా ఉందో.

అక్కకు ఒక్కటే కోరిక, మినికాయ్‌లో 1885లో కట్టిన లైట్‌హౌస్ ఉంది, దాని మీదికి ఎక్కాలని. మోకాళ్ళు ఎంతవరకు తీసుకెళ్తే అంతవరకు అన్నాను.

ఈ రాత్రి బ్యాగులు సర్దుతుంటే బరువు ఎక్కువైందని జంపఖానా తీసి పక్కన పెట్టాను. నీళ్ళు తాగి వచ్చేసరికి అక్క దాన్ని చుట్టచుట్టి మళ్ళీ బ్యాగులో కుక్కుతోంది. "ఇది లేకుంటే రాత్రి డెక్ మీద ఏం పరుచుకుంటమే?" అంది. జిప్పు పడలేదు. సకినాల డబ్బా చేతిసంచిలోకి మార్చాను.