తప్పించారంటే కాపాడారనా, తీసేశారనా?

మోకాళ్ళ నొప్పికి ఇచ్చిన మాత్రను ‘రోజు తప్పించి రోజు’ వేసుకోవాలని అమ్మకు ఫోనులో చెప్పాను. వినికిడి కాస్త తగ్గిన అమ్మకు అది ‘రోజూ తప్పకుండా’ అని వినిపించి, ఇరవై రోజులు రావలసిన అట్ట పది రోజులకే ఖాళీ అయింది. చిక్కేమీ రాలేదు గానీ, ఒకే ధాతువు నుంచి వచ్చిన రెండు మాటలు ఇంత ఎదురెదురుగా నిలబడటం నన్ను ఆలోచనలో పడేసింది.

‘తప్పు’ అనే క్రియకు ఉండవలసిన చోటు నుంచి పక్కకు పోవడం అని అర్థం. దారి తప్పుతాం, మాట తప్పుతాం, స్పృహ తప్పుతుంది. చేయు, చేయించు అయినట్టే దీనికి ‘ఇంచు’ చేరితే, ఆ పక్కకు పోవడాన్ని ఎవరో పూనుకొని జరిపించారని తేలుతుంది. ‘పెను ప్రమాదం తప్పింది’ అని పత్రిక రాస్తే మెచ్చుకోవడానికి మనిషి కనబడడు. ‘డ్రైవరు ప్రమాదాన్ని తప్పించాడు’ అన్నప్పుడు బ్రేకు మీద ఒక కాలు కనబడుతుంది.

అసలు తిరకాసు ‘నుంచి’ దగ్గర ఉంది. ‘ఆయన్ను ప్రమాదం నుంచి తప్పించారు’ అంటే కాపాడారు. ‘ఆయన్ను పదవి నుంచి తప్పించారు’ అంటే తీసేశారు. వాక్యం కట్టుబడి ఒక్కటే, మారినది ఒక్క నామవాచకం. ‘తొలగించారు’ అనడంలోని కరుకుదనం ఇందులో లేదు కాబట్టే పత్రికలవారికి ఈ మాట మీద మక్కువ అని నా అనుమానం. ఆయనంతట ఆయనే దిగిపోతే ‘తప్పుకున్నారు’ అంటారు. అదే ‘తప్పించుకున్నారు’ అని రాస్తే మాత్రం పోలీసులు వెతుకుతున్నారేమో అనిపిస్తుంది. తెలంగాణ మాటలో ‘తప్పిచ్చుకున్నడు’ అన్నా ధ్వని అదే.

సుమతీ శతకంలో ‘నొప్పింపక తానొవ్వక తప్పించుక తిరుగువాడు’ ధన్యుడు. అక్కడ ఎదుటివారిని నొప్పించడం, తాను నొచ్చుకోవడం, ఈ రెండింటి మధ్య నుంచి ఒడుపుగా సాగిపోవడమే తప్పించుకోవడం. చిన్నప్పుడు బడిలో వల్లించిన ఆ పాదాన్ని, అప్పు తీసుకొని ఏడాదిగా నా వీధి మొహం చూడని ఒక మిత్రుడి గురించి ఇప్పుడు ఇంట్లో రోజూ చదువుతున్నాం, ‘నొప్పింపక’ అన్న ముక్క తప్పించి.