ఎన్‌వీఎస్-01 ప్రయోగం చూసొచ్చాను

తిరుపతి జిల్లాలో సర్వేయర్‌గా పనిచేస్తున్నాను. ఉపగ్రహ సిగ్నళ్లతో పొలం హద్దులు కొలిచే రోవర్ పట్టుకుని గట్లెంట తిరగడమే నా పని. స్క్రీన్ మీద ‘ఫ్లోట్’ (ఇంకా కుదురుకోని కొలత) పోయి ‘ఫిక్స్’ (కచ్చితమైన కొలత) పడేదాకా ఇరుపక్కల రైతులూ కళ్లార్పకుండా చూస్తుంటారు. జానెడు నేల అటూఇటూ అయినా తగాదా తెగదు. ఉపగ్రహాల్నే నమ్ముకున్న పని కదా, జీపీఎస్ లాంటి మన సొంత వ్యవస్థ నావిక్‌కు కొత్త తరం ఉపగ్రహం ఎన్‌వీఎస్-01 వెళ్తోందంటే కళ్లారా చూడాలనిపించింది.

శ్రీహరికోటలో జనం కూర్చుని ప్రయోగం చూసే లాంచ్ వ్యూ గ్యాలరీకి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. సీట్లు ఇట్టే నిండిపోతాయని ముందే విన్నాను కాబట్టి తెరవగానే నాకూ మేనల్లుడికీ చేసేశాను. ఆధార్ కార్డులు వెంట పెట్టుకుని 2023 మే 29న తెల్లారకముందే బయల్దేరి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరాం. చెంగాళమ్మకు దణ్ణం పెట్టుకుని పులికాట్ రోడ్డెక్కాం.

రోహిణి కార్తె ఎండ. గ్యాలరీలో కూర్చున్నాక వాడడిగాడు: “మామా, ఇందులో అంత కొత్తేముంది?”

గడియారం, అన్నాను. ఉపగ్రహం నుంచి సిగ్నల్ చేరడానికి పట్టిన కాలాన్ని బట్టే దూరం లెక్క. సెకనులో వందకోట్లవ వంతు తేడా వస్తే దూరం 30 సెంటీమీటర్లు తప్పుతుంది. అంటే గట్టు ఈపక్కది ఆపక్కకు పోతుంది! పాతవాటికి విదేశీ గడియారాలే దిక్కు. 2013లో వెళ్లిన మొదటి ఉపగ్రహంలో మూడుకు మూడూ ఆగిపోయాయి. ఇందులో అహ్మదాబాద్‌లో మనవాళ్లే చేసిన రుబీడియం అణుగడియారం ఉంది. ఫోన్లకు పనికొచ్చే ఎల్1 బ్యాండ్ సిగ్నల్ కూడా కొత్తగా చేర్చారు.

10:42కి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్12 లేచింది. ముందు వెలుగే కనబడింది. రాకెట్ చెట్లపైకి వచ్చాక గానీ శబ్దం మాదాకా రాలేదు. వచ్చాక మాత్రం గుండెలు అదిరాయి. మేనల్లుడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి రాకెట్ కనుమరుగైంది, జనం లేచిపోతున్నారు. మేం కదల్లేదు. దాదాపు 19 నిమిషాలకు ఉపగ్రహం విడిపోయిందని చెప్పినప్పుడు నా కళ్లు చెమర్చాయి.

2025 జనవరి 29న ఎన్‌వీఎస్-02 వెళ్లింది. శ్రీహరికోట నుంచి అది 100వ ప్రయోగం. రాకెట్ తన పని చక్కగా చేసింది గానీ, ఉపగ్రహంలో ఇంధనం మండడానికి కావాల్సిన ఆక్సిడైజర్‌ను వదిలే వాల్వు తెరుచుకోక కక్ష్య పెంచలేకపోయారు. ఆ వార్త చదివి మనసు చివుక్కుమంది. దాని తర్వాతిదానికి రిజిస్ట్రేషన్ ఎప్పుడు తెరుస్తారా అని మేనల్లుడూ నేనూ ఎదురుచూస్తున్నాం.