ఫోర్బ్స్ ఫీల్డ్ గోడ దాకా

పిట్స్‌బర్గ్ ప్రయాణం పెట్టుకున్నది అమ్మ కోసం. అమెరికా వచ్చిన దగ్గర్నుంచి పెన్‌హిల్స్ వెంకటేశ్వరస్వామిని చూపించమని అడుగుతోంది. మా కొలంబస్ నుంచి కారులో మూడు గంటల దారి. నాకు మాత్రం అక్కడ ఇంకో పని కూడా ఉంది. రెండు అట్టముక్కల మధ్య జాగ్రత్తగా పెట్టి ఒక నలుపు తెలుపు ఫోటో వెంట తీసుకెళ్ళాను.

ఆ ఫోటో పాత సామాన్ల సంతలో దొరికింది. బేస్‌బాల్ ఆట జరుగుతోంది, స్టాండ్లలో అంతా టోపీలు పెట్టుకున్న జనం. వెనకవైపు ఒక్క అక్షరం రాసి లేదు. అమ్మినాయన సిన్సినాటి అన్నాడు. అయితే అక్కడి పాత బేస్‌బాల్ మైదానం క్రాస్లీ ఫీల్డే అయి ఉంటుందని నేనూ నమ్మాను. తర్వాత చదివితే తెలిసింది, క్రాస్లీలో లెఫ్ట్ ఫీల్డ్ (బ్యాటర్‌కి ఎడమవైపు దూరంగా ఉండే భాగం) చివర నేల మెరకగా గోడ వైపు ఎక్కేదని, అటు పరుగెత్తే ఫీల్డర్లు తడబడేవారని. నా ఫోటోలో లెఫ్ట్ ఫీల్డ్ కంచె దాకా చదునే. అంటే సిన్సినాటి కాదు. మరి ఏ ఊరు?

ముడి విప్పింది నాన్న. రెవెన్యూలో సర్వేయర్‌గా చేసి రిటైరయ్యారు. బేస్‌బాల్ గురించి ఆయనకేమీ తెలియదు. ఒక రాత్రి భోజనాలయ్యాక భూతద్దం పట్టుకుని ఆ ఫోటో ముందు కూర్చున్నారు.

"ఆటగాళ్ళని చూస్తావేంట్రా, అంచులు చూడు," అన్నారు.

స్టాండు నీడ బ్యాటర్‌ని దాటి ముందుకు పడింది. మధ్యాహ్నం ఆట అయితే సూర్యుడు పడమర ఉన్నట్టు, బ్యాటర్ తూర్పుకి తిరిగి ఉన్నట్టు. బ్యాటర్ కళ్ళలో ఎండ పడకూడదని ఈ మైదానాలు ఎక్కువగా ఆ దిక్కుకే కడతారని నేను చెబితే తలూపారు. "అయితే ఎడమ పక్కన ఉన్న ఇది ఉత్తరాన ఉంది," అంటూ స్టాండు కప్పు మీదుగా మసకగా కనిపిస్తున్న శిఖరం మీద వేలు పెట్టారు. నేను అన్నాళ్ళూ దాన్ని ఏదో చర్చి అనుకుని వదిలేశాను.

అది చర్చి కాదు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వారి కెథీడ్రల్ ఆఫ్ లెర్నింగ్. 42 అంతస్తులు, 535 అడుగుల ఎత్తు. 1926లో మొదలుపెట్టారు, ఉక్కు చట్రం 1929లో పైదాకా లేచింది. దానికి దక్షిణాన, నడిచివెళ్ళే దూరంలో ఉండేది ఫోర్బ్స్ ఫీల్డ్. 1909 జూన్ 30న తెరిచారు, పిట్స్‌బర్గ్ బేస్‌బాల్ జట్టు పైరేట్స్ సొంత మైదానం. జట్టు యజమాని బార్నీ డ్రైఫస్‌కి కంచె మీద ప్రకటనలు రాయించడం ఇష్టముండేది కాదట. నా ఫోటోలోనూ కంచె ఖాళీగానే ఉంది. ఇంకో సంగతి, ఫ్లడ్‌లైట్ల స్తంభాలు ఎక్కడా లేవు. అక్కడ దీపాల కింద మొదటి ఆట 1940 జూన్ 4న జరిగింది. శిఖరం ఉంది, దీపాలు లేవు. అంటే 1930ల నాటి ఫోటో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాన్నకి మాత్రం ఇది పెద్ద వింతేమీ కాదు. "మన లాల్ బహదూర్ స్టేడియం ఫోటోలో కొండ మీద బిర్లా మందిర్ కనిపిస్తే 1976కి ముందుది కాదని చెప్పమూ? అంతే," అన్నారు.

శనివారం పొద్దున బయల్దేరాం. ఫోర్ట్ పిట్ సొరంగంలోంచి బయటికి రాగానే నది, వంతెనలు, ఊరు మొత్తం ఒక్కసారిగా కళ్ళముందు పడతాయి. అమ్మ "అబ్బ!" అంది. దర్శనం బాగా జరిగింది. చెట్ల మధ్య గుట్ట మీద తెల్లటి గోపురం చూస్తే అమ్మకి తిరుపతి వచ్చినంత తృప్తి. పులిహోర తిని, విశ్వవిద్యాలయం ఉన్న ఓక్లండ్ పేట వైపు కారు తిప్పాను.

పైరేట్స్ ఆటగాడు రొబెర్టో క్లెమెంటే పేరు పెట్టిన వీధి పక్కన ఫోర్బ్స్ ఫీల్డ్ గోడలో మిగిలిన ముక్క నిలబడి ఉంది. ఎర్ర ఇటుకలు, అల్లుకున్న తీగలు, తెల్లటి అంకెల్లో 457 అడుగులు (బ్యాటర్ నిలబడే చోటు నుంచి దూరం), పక్కన జెండా స్తంభం. మైదానం మాత్రం లేదు. 1970 జూన్ 28న ఆఖరి ఆటలు ఆడి, తర్వాత పడగొట్టి విశ్వవిద్యాలయం భవనాలు కట్టారు. గోడ లేని చోట కాలిబాటలో ఇటుకల వరస పరిచి, అది ఎటు వెళ్ళేదో గుర్తుపెట్టారు. 1960 అక్టోబర్ 13న, వరల్డ్ సిరీస్ ఫైనల్ పోటీల ఏడో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో పైరేట్స్ ఆటగాడు బిల్ మజెరోస్కీ కొట్టిన బంతి అక్కడే గోడ దాటింది. న్యూయార్క్ యాంకీస్ మీద 10-9తో గెలుపు. ఇప్పటికీ ఏటా ఆ రోజున అభిమానులు ఈ గోడ దగ్గర చేరి అప్పటి రేడియో వ్యాఖ్యానం వింటారు.

పక్కనే ఉన్న విశ్వవిద్యాలయ భవనం పోస్వార్ హాల్‌లో, నేలలో అద్దం కింద హోమ్ ప్లేట్, అంటే బ్యాటర్ పక్కన నిలబడే పలక ఉంది. చిన్నపిల్లలు గీసే ఇంటి బొమ్మలా అయిదు మూలలు. నాన్న మోకాళ్ళ మీద కూర్చుని అద్దం మీదే జానతో కొలిచారు. రెండు జానలకి ఒక వేలు తక్కువ. 17 అంగుళాలని నేను చెప్పేలోపే ఆయనే చెప్పేశారు. బేస్‌బాల్‌లో పేరుమోసిన బ్యాటర్ బేబ్ రూత్ తన చివరి మూడు హోమ్ రన్‌లూ (మన సిక్సర్ లాంటివి) ఈ మైదానంలోనే, 1935 మే 25న, ఒక్క ఆటలోనే కొట్టాడు. నా ఫోటో ఆ రోజుదేమోనని చాలా ఆశపడ్డాను. ఫోటోలో ఉన్న బ్యాటర్‌ది కుడిచేతి వాటం, రూత్‌ది ఎడమ. ఆ రోజుదేనని చెప్పడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

మళ్ళీ గోడ దగ్గరికి వచ్చి ఫోటో బయటికి తీశాను. అప్పుడు గమనించాను, ఫోటోలో ఉన్నది చెక్క కంచె. ఈ ఇటుక గోడ ఆ తర్వాత వచ్చింది. నేను వెతుక్కుంటూ వచ్చిన గోడ నా ఫోటోలో లేనే లేదు. కాసేపు మనసు చివుక్కుమంది.

"ఇటు తిరుగు," అన్నారు నాన్న. భవనాల మధ్య నుంచి కెథీడ్రల్ కనిపిస్తోంది. ఆయన ఫోటో తీసుకుని, చెయ్యి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి నాలుగడుగులు పక్కకి జరిగారు. ఇంకో రెండు. ఫోటో తీసిన చోటు ఇప్పుడు ఏదో భవనం లోపల ఉంటుంది కాబట్టి కోణం సరిగ్గా కుదరదు. అయినా పైకొన, దాని కింద మెట్లుమెట్లుగా దిగే అంచులు, అన్నీ అవే.

అమ్మ కారులోంచి పిలుస్తోంది. నాన్న "ఒక్క నిమిషం" అని ఇంకో అడుగు పక్కకి వేశారు.