మూడో పిన్నుకు వైరే లేదు

సంక్రాంతి తర్వాత అమ్మ మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చింది, మారతహళ్ళిలో మా అద్దె ఇంటికి. రెండో రోజు పొద్దున్నే బాత్రూంలోంచి కేక: "కుళాయి పట్టుకుంటే చేతికి జివ్వుమంటోందే!" నేనూ వెళ్లి ముట్టుకున్నాను. ఏమీ లేదు. చలికి తిమ్మిరెక్కి ఉంటుందిలే అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. నా కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. అమ్మ తడి నేల మీద వట్టికాళ్లతో నిలబడింది.

మర్నాడూ అదే మాట అనేసరికి భయమేసింది. గీజర్ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. కోలారు వైపు అబ్బాయి, తెలుగు బాగా మాట్లాడాడు. గీజర్ ఆన్ చేసి కుళాయికి టెస్టర్ ఆనించగానే అందులోని చిన్న బల్బు ఎర్రగా వెలిగింది. "చూడండక్కా, కరెంటు కుళాయి దాకా వచ్చేసింది."

మెయిన్ ఆపి, ప్లగ్గు తీసి విప్పాడు. గోధుమ రంగు వైరు కరెంటు వచ్చే ఫేజ్‌కి, నీలం వైరు అది తిరిగెళ్లే న్యూట్రల్‌కి సరిగ్గానే బిగించి ఉన్నాయి. లీకైన కరెంటును భూమిలోకి పంపాల్సిన ఆకుపచ్చ, పసుపు చారల ఎర్త్ వైరును మాత్రం కేబుల్ అంచు దగ్గరే కత్తిరించేశారు. పైన లావుగా, పొడుగ్గా ఉండే మూడో పిన్ను స్క్రూ కొత్తదానిలా మెరుస్తోంది. దాన్ని ఎవరూ ఒక్కసారి కూడా తిప్పినట్టు లేదు.

ప్లగ్గు సరిచేస్తే సరిపోతుందనుకున్నాను. మెయిన్ మళ్లీ వేసి, హోల్డర్‌కి రెండు వైర్లు కట్టిన బల్బుతో గోడ సాకెట్‌ని కూడా చూశాడు. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య వెలిగింది. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య వెలగలేదు. మీటరు దగ్గర ఎర్త్ ఉంది, అక్కణ్ణించి బాత్రూం సాకెట్ దాకా వైరే లాగలేదు.

మరి ఎంసీబీ, అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్, ఎందుకు పడలేదని అడిగాను. 2,000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. ఎంసీబీ వైరు కాలిపోకుండా చూస్తుందే గానీ, ఇంత చిన్న లీకేజీ దానికి తెలియదు. మనిషికైతే ఆంపియర్‌లో వందో వంతే చాలు, చెయ్యి బిగుసుకుపోయి పట్టుకున్నది వదల్లేకపోవచ్చు.

ఓనర్ గారు మొదట "ఇన్నేళ్లలో ఎవరికీ ఏమీ కాలేదమ్మా" అన్నారు. వచ్చీరాని కన్నడలో బతిమాలి పైకి తీసుకొచ్చి, కుళాయి మీద టెస్టర్ వెలగడం కళ్లారా చూపించాను. ఇంకేం మాట్లాడలేదు, వైరింగ్‌కి ఒప్పుకున్నారు. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని పగిలిన హీటింగ్ ఎలిమెంట్ మార్చారు, కొత్త 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టారు, బోర్డు నుంచి ఎర్త్ వైరు లాగారు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఖర్చు మాది. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేకపోతే అది క్షణంలో లైను కట్ చేస్తుంది. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడాలి. అయితే ఆ బటన్ పనిచేసినంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదని ఆ అబ్బాయి రెండుసార్లు చెప్పాడు.

చివర్లో అదే బల్బును ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెట్టాడు. టప్పున ఆర్‌సీసీబీ పడి ఇల్లంతా చీకటైంది. అమ్మ ఆ చీకట్లోనే నాన్నకి ఫోన్ చేసి, స్టీలు బాడీ ఉన్న మా పాత గ్రైండర్ ప్లగ్గు ఊడదీసి, విప్పి చూడమంది. అందులోనూ రెండే వైర్లున్నాయి.