పొగరు అనుకున్నారు

ఎనిమిదో తరగతిలో నాకు వచ్చిన జబ్బుకి ఇంట్లో, స్కూల్లో పెట్టిన పేరు పొగరు. పక్కవాడు నా పెన్సిల్ తీసుకుంటే చెయ్యి చేసుకునేవాణ్ణి. అమ్మ అన్నానికి పిలిస్తే అరిచేవాణ్ణి. డైరీ నిండా కంప్లైంట్లే. రాత్రి 2 దాటినా నిద్ర పట్టట్లేదని, ప్రాణంగా చూసుకున్న బొమ్మల పుస్తకం నెలల తరబడి తెరవలేదని ఎవరికీ తెలియదు. ఏడ్చి ఉంటే ఎవరైనా అడిగేవారేమో. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

తొమ్మిదో తరగతిలో ఒక పరీక్షకి ఖాళీ పేపరిచ్చి వచ్చేశాను. ప్రశ్నలో రెండో వాక్యానికి వచ్చేసరికి మొదటిది గుర్తుండట్లేదు. క్లాస్ టీచర్ నాన్నను పిలిపించి, "వీడు చెడిపోలేదండీ, వీడికేదో బాగాలేదు. డాక్టరుకి చూపించండి" అన్నారు. ఆ మాట కోసం ఏడాది పట్టింది.

మానసిక వైద్యురాలు ముందు రక్తపరీక్ష చేయించారు. థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తం తక్కువైనా ఇలాగే నీరసం, చిరాకు రావచ్చట. అవి బాగానే ఉన్నాయి. తర్వాత నిద్ర గురించి, ఆకలి గురించి అడిగి, మెల్లగా "చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అన్నారు. అవునన్నాను. నాన్న నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

డిప్రెషన్ అని చెప్పారు. పెద్దవాళ్లలో దిగులుగా కనిపించేది పిల్లల్లో చిరాకుగా, కోపంగా బయటపడవచ్చని వివరించారు. ఫ్లూయాక్సెటీన్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుందని, తొలి రోజుల్లో చనిపోవాలన్న ఆలోచన పెరిగే అవకాశం ఉంది కాబట్టి కనిపెట్టుకుని ఉండమని నాన్నకు చెప్పారు. ఆయన రెండు నెలలు నా గదిలోనే పడుకున్నారు.

మందుతోపాటు వారానికోసారి కౌన్సెలింగ్. కోపం వచ్చే ముందు ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో చూసుకోమన్నారు. నాకు దవడలు బిగుసుకుంటాయి. ఎంతసేపు నిద్రపోయానో రోజూ ఒక నోట్‌బుక్‌లో రాసేవాణ్ణి. నెల తర్వాత దాని పక్కన స్కూల్ డైరీ పెట్టి చూశాం. నాలుగు కంప్లైంట్లలో మూడు, నిద్రలేని రాత్రి తెల్లారాక పడ్డవే. అమ్మ ఆ తేదీలను వేలుపెట్టి ఒక్కొక్కటే చూసుకుంది.

ఆ నోట్‌బుక్ టీచర్‌కీ చూపించాం. అప్పటినుంచి దవడ బిగుసుకోగానే చెయ్యెత్తేవాణ్ణి. ఎందుకని అడక్కుండా ఐదు నిమిషాలు బయటికి పంపేవారు. మొదట్లో రోజుకి మూడుసార్లు వెళ్లేవాణ్ణి. పదో తరగతి సగానికి వచ్చేసరికి వారానికి ఒకసారి.