ఐటీ ఆఫీసర్ పరీక్ష: ఎస్‌క్యూఎల్ నాకు పట్టుబడింది ఇలా

మొదటిసారి బ్యాంకు ఐటీ ఆఫీసర్ మెయిన్స్ రాసినప్పుడు ప్రొఫెషనల్ నాలెడ్జ్‌లో నా మార్కులు పోయింది ఎస్‌క్యూఎల్ దగ్గరే, అంటే డేటాబేస్‌తో మాట్లాడే భాష దగ్గరే. అందులోని క్రియేట్, ఇన్సర్ట్, సెలెక్ట్ ఆదేశాలన్నీ వచ్చనే ధైర్యంతో జవాబులు చకచకా పెట్టేశాను. ఒక్కో తప్పుకు పావు మార్కు కోత.

రెండోసారి విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కూర్చుని పద్ధతి మార్చాను. లాప్‌టాప్ తీయలేదు. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రోజూ కనిపించే బస్సులతో నోట్సులో ఒక చిన్న టేబుల్ గీసుకున్నాను. బస్సు నంబరు ప్రైమరీ కీ (ఏ రెండు వరుసల్లోనూ ఒకటే ఉండకూడనిది), ఊరు వార్‌ఛార్ (అక్షరాలు), ఛార్జీ ఇంటిజర్ (పూర్ణాంకం). ఐదు వరుసలు: గాజువాక 25, గాజువాక 35, మధురవాడ 20, సింహాచలం 20, భీమిలి ఖాళీ. ఛార్జీలు లెక్క కోసం వేసుకున్నవే. ఆ భీమిలి ఖాళీయే నాకు సగం సిలబస్ నేర్పింది.

ఖాళీ అంటే నల్. సున్నా కాదు, 'తెలియదు' అని అర్థం. కౌంట్ స్టార్ (మొత్తం వరుసలెన్ని) అడిగితే 5 వస్తుంది, కౌంట్ ఛార్జీ (ఛార్జీ ఉన్న వరుసలెన్ని) అడిగితే 4. సగటు కూడా 100ని 4తోనే భాగించి 25 ఇస్తుంది, 20 కాదు. ఇక వరుసల్ని వడకట్టే షరతుగా 'వేర్ ఛార్జీ = నల్' అని రాస్తే ఒక్క వరుస కూడా రాదు. తెలియనిది తెలియనిదానితో సమానమా అంటే ఏం చెప్తాం? డేటాబేస్ కూడా చెప్పలేదు. అందుకే 'ఈజ్ నల్' అని రాయాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి, క్వెరీని, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నని, రాసిన వరుసలో చదవకండి. డేటాబేస్ చూసేది ముందు ఫ్రమ్ (ఏ టేబుల్), తర్వాత వేర్, గ్రూప్ బై (గుంపులు కట్టడం), హేవింగ్ (గుంపుల్ని వడకట్టడం), ఆ తర్వాతే సెలెక్ట్ (ఏవి చూపాలి), చివరికి ఆర్డర్ బై (ఏ క్రమంలో పేర్చాలి). ఒకటి కన్నా ఎక్కువ బస్సులున్న ఊళ్లు కావాలంటే కౌంట్‌ని వేర్‌లో పెట్టలేం, అప్పటికి గుంపులే కట్టలేదు కదా. ఊరు మీద గ్రూప్ బై చేసి హేవింగ్‌లో పెడితే గాజువాక ఒక్కటే మిగులుతుంది. సెలెక్ట్‌లో పెట్టిన మారుపేరు ఆర్డర్ బైలో చెల్లి, వేర్‌లో ఎందుకు చెల్లదో కూడా ఈ వరుసతోనే తెలిసిపోతుంది. నాకిది అర్థమైన రోజు టెన్షన్ సగం తగ్గింది.

డిలీట్, ట్రంకేట్, డ్రాప్ తేడా మీకు తెలిసే ఉంటుంది: డిలీట్‌కి వేర్ పెట్టొచ్చు, ట్రంకేట్ వరుసలన్నీ ఊడ్చేస్తుంది, డ్రాప్‌తో టేబులే పోతుంది. ట్రంకేట్ డీడీఎల్ (టేబుల్ నిర్మాణానికి చెందిన ఆదేశాలు) కిందికి వస్తుంది, ఇక్కడ చాలామంది డీఎంఎల్ (లోపలి డేటాని మార్చే ఆదేశాలు) అని పెట్టేస్తారు. చరిత్రలో 1970 కాడ్ రిలేషనల్ మోడల్ (డేటాని టేబుళ్లుగా చూసే పద్ధతి), 1974 చాంబర్లిన్, బాయ్స్‌ల సీక్వెల్ (ఎస్‌క్యూఎల్ తొలి పేరు), 1986 ఆన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) ప్రమాణం, ఈ మూడూ గుర్తుంటే చాలు.

ఇప్పుడు అదే టేబుల్ మీద ఛార్జీ 20కి సమానం కాని బస్సులు అడిగి చూడండి. భీమిలి వస్తుందా? పెన్ను పట్టుకుని ఒక్కో వరుసా టిక్ పెట్టుకుంటూ వెళ్లండి. గాజువాక బస్సులు రెండే వస్తాయి.