కలిమి రోజుల్లో మూసుకున్న తలుపు

డెట్రాయిట్‌లో మా కార్ల ప్లాంటు క్యాంటీనులో గ్రీన్‌కార్డుల మాట వచ్చినప్పుడు, భారతీయులం ఏళ్ళ తరబడి ఓపికగా వరుసలో నిలబడ్డామని, ఎవరి దారికీ అడ్డు రాకుండా చట్టం చెప్పినట్టు నడుచుకుంటున్నామని నేను కొంత గర్వంగానే అన్నాను. ఎదురుగా కూర్చున్న నల్లజాతి సహోద్యోగి, రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దమనిషి, చేతిలోని చెంచా పక్కన పెట్టి, “మా తాత కూడా ఈ ఊళ్ళో వరుసలోనే నిలబడ్డాడు. ఓపిక ఒక్కటే సరిపోయేదైతే ఆయన బతుకు వేరేగా ఉండేది” అన్నాడు. గొంతు పెంచలేదు గానీ, అది మందలింపేనని బల్ల దగ్గరున్న అందరికీ తెలిసింది.

ఆ మాట నన్ను నొప్పించింది. నేను అన్నదాంట్లో అబద్ధం లేదని ఇప్పటికీ అనుకుంటాను. రాత్రి షిఫ్టులు చేసినవాళ్ళం, సంక్రాంతికి ఊరు వెళ్ళలేనివాళ్ళం, ఇంటి దగ్గర పెద్దవాళ్ళకు బాగా లేదని ఫోను వస్తే వీసా స్టాంపింగు సంగతి తేల్చుకున్నాకే టికెట్టు కొనుక్కోవలసినవాళ్ళం. ఆ ఓర్పుకు విలువ లేదంటే ఎలా ఊరుకుంటాం? అయినా, డెట్రాయిట్ కార్ల పరిశ్రమ మీద బతుకుతూ, ఆయన తాత నిలబడిన వరుస ఏమిటో తెలుసుకోకుండా ఉండటం నాకు చేతకాలేదు. అలా రెండు ప్రపంచ యుద్ధాల మధ్యకాలపు డెట్రాయిట్ గురించి చదవడం మొదలుపెట్టాను, చదివినకొద్దీ అది నా సొంత విషయమైపోయింది.

ఆ రోజుల కలిమి మామూలు కలిమి కాదు. 1910లో 4 లక్షల 65 వేలున్న ఈ నగర జనాభా 1930 నాటికి 15 లక్షల 68 వేలకు పెరిగింది. హెన్రీ ఫోర్డ్ 1914లోనే రోజుకు 5 డాలర్లు ఇస్తానని ప్రకటించి దేశాన్ని ఆశ్చర్యపరిచాడు, 1926లో వారానికి ఐదు రోజుల పని తెచ్చాడు. 1908లో 850 డాలర్లకు అమ్మిన మోడల్ టి కారులో అన్నిటికన్నా చవక రకం 1925 నాటికి 260 డాలర్లకు దిగింది. 1927లో ఆ మోడల్ ఆపేసే నాటికి కోటిన్నర కార్లు తయారయ్యాయి. కారు, రేడియో, ఇల్లు అన్నీ వాయిదాల మీద దొరికాయి. తాను బిగించిన కారును తానే కొనుక్కోగల పనివాణ్ణి ప్రపంచం మొదటిసారిగా ఇక్కడే అంత పెద్ద సంఖ్యలో చూసింది. ఈ పరిశ్రమలో పనిచేసేవాడిగా ఆ సాధన అంటే నాకు గౌరవం, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టముండదు.

ఆ కూలి కబురు జార్జియా, అలబామా పత్తి చేల దాకా పాకింది. అక్కడ పత్తిని పురుగు తినేస్తోంది, పంటలో వాటా పంచుకునే కౌలులో నల్లవాళ్ళకు అప్పు తప్ప మిగిలేదేమీ లేదు, పైగా మూకలు కొట్టి చంపుతాయన్న భయం. రైలెక్కి వచ్చినవాళ్ళతో డెట్రాయిట్‌లో నల్లవాళ్ళ సంఖ్య 1910లో 6 వేల లోపు నుంచి 1930 నాటికి లక్షా 20 వేలు దాటింది. మా సహోద్యోగి తాత కూడా అలా జార్జియా నుంచి వచ్చినవాడే. ఫోర్డ్ మిగతా కంపెనీలకంటే ఎక్కువగా నల్లవాళ్ళను పనిలోకి తీసుకున్నాడు, 1920ల మధ్యకల్లా ఆయన కర్మాగారాల్లో వాళ్ళు సుమారు 10 వేలమంది. నల్లజాతి చర్చి పాస్టరు మంచివాడని ఉత్తరం రాసి ఇస్తే పని దొరకడం తేలికయ్యేది. మనవాళ్ళు రిఫరల్ కోసం తెలిసినవాళ్ళకు రెజ్యుమెలు పంపుకోవడం చూసినప్పుడల్లా నాకు ఆ ఉత్తరాలు గుర్తొస్తాయి. కానీ పని దొరికాక ఎక్కడికి పంపేవారు? ఎక్కువమందిని ఫోర్డ్ రివర్ రూజ్ కర్మాగారంలోని ఫౌండ్రీకి, అంటే ఇనుము కరిగించి ఇంజిన్ దిమ్మెలు పోతపోసే చోటికి పంపేవారు. వేడికి, దుమ్ముకు తెల్లవాళ్ళు చాలామంది నిలవని చోటు అది.

డెట్రాయిట్ కళా మ్యూజియంలో మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా 1932, 33 సంవత్సరాల్లో గీసిన గోడచిత్రాల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఉత్తరపు గోడ మీద ఫోర్డ్ వి-8 ఇంజిను తయారీ ఉంటుంది. కొలిమి వెలుగులో నడుములు విల్లులా వంచి దిమ్మెలను లాగుతున్నవాళ్ళు, వాళ్ళ వెనక వరుసగా డ్రిల్లింగు యంత్రాలు. ఇవాళ మా లైనులో ఆ లాగుడంతా రోబోలు చేస్తాయి. కానీ ఆ భుజాల బిగువు చూడగానే, బరువు ఎక్కడ పడుతోందో ఈ పని చేసేవాడు ఇట్టే చెప్పగలడు. ఆ గోడ మీద నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు భుజం భుజం కలిపి లాగుతారు. బయట ఊళ్ళో మాత్రం ఒకే వీధిలో కాపురం ఉండలేకపోయారు.

నన్ను ఎక్కువగా పట్టి వేధించిన సంగతి ఈ కలిమికి, తలుపులు మూసిన తేదీలకు ఉన్న దగ్గరితనం. దేశం పేదగా ఉన్నప్పుడు పరాయివాణ్ణి వద్దంటే అర్థం చేసుకోవచ్చు. అమెరికా తన చరిత్రలో ఎన్నడూ ఎరగని సంపదలోకి అడుగుపెడుతున్నప్పుడే, 1924లో, ఒక్కో దేశం నుంచి ఏడాదికి ఎందరు రావచ్చో లెక్కగట్టే చట్టం చేసింది. ఆ లెక్కకు 1920 జనాభా వివరాలు చేతిలో ఉండగానే 1890 నాటి వివరాలు తీసుకుని, అందులో 2 శాతం అన్నారు. ఇటలీవాళ్ళు, పోలండువాళ్ళు, తూర్పు యూరపు యూదులు పెద్ద సంఖ్యలో రాకముందు సంవత్సరం కావడమే దాని అర్హత. పౌరసత్వానికి అర్హత లేని జాతులవాళ్ళకు, అంటే ఆసియావాళ్ళకు, అసలు తలుపే లేదు. అర్హత లేదని మన విషయంలో ఏడాది ముందే తేల్చేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికుడిగా పనిచేసిన భగత్ సింగ్ థింద్ తెల్లవాడు కాడని, అందుచేత పౌరుడు కాలేడని 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఆ తీర్పు వల్ల అప్పటికే పౌరులైన భారతీయుల్లో చాలామంది పౌరసత్వం కూడా పోయింది. వారిలో వైష్ణోదాస్ బగాయ్ ఒకడు. పెషావర్ నుంచి భార్య కళను, పిల్లలను వెంటబెట్టుకుని 1915లో వచ్చి, శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం పెట్టుకున్న మనిషి. బర్కిలీలో ఇల్లు కొనుక్కుని సామానుతో వెళ్తే, ఇరుగుపొరుగువాళ్ళు ఆ ఇంటికి తాళం వేసి లోపలికి రానివ్వలేదు. పౌరసత్వం పోయాక ఆస్తి నిలబెట్టుకోలేక, అమెరికా పాస్‌పోర్టు మీద స్వదేశానికి వెళ్ళిరాలేక, బంగారు పంజరంలో బతుకు ఎందుకని ఉత్తరం రాసి 1928లో ప్రాణం తీసుకున్నాడు. ఇల్లు కొనుక్కుని, ముహూర్తం పెట్టుకుని, పాలు పొంగించి గృహప్రవేశం చేసుకున్న ప్రతి తెలుగు కుటుంబానికీ కళ బగాయ్ ఆ మూసిన గుమ్మం ముందు ఎలా నిలబడి ఉంటుందో విడమరిచి చెప్పనవసరం లేదు.

డెట్రాయిట్‌లో డాక్టర్ ఓసియన్ స్వీట్‌కు తాళం బదులు రాళ్ళు ఎదురయ్యాయి. వియన్నా, పారిస్ నగరాల్లో పైచదువు చదివి వచ్చిన ఆ నల్లజాతి వైద్యుడు గార్లండ్ వీధిలో 18,500 డాలర్లకు ఇల్లు కొని, 1925 సెప్టెంబరు 8న సామాను దించాడు. ఆయన రాకను అడ్డుకోవడానికి ఆ చుట్టుపక్కలవాళ్ళు అంతకుముందే వాటర్‌వర్క్స్ పార్క్ అభివృద్ధి సంఘమని ఒకటి పెట్టుకున్నారు. మరునాటి రాత్రి జనం మూగి రాళ్ళు వేస్తే, ఇంట్లోంచి తుపాకులు పేలి వీధిలో ఒక మనిషి చనిపోయాడు. ఇంట్లో ఉన్న పదకొండు మంది మీదా హత్యానేరం మోపారు. ప్రసిద్ధ న్యాయవాది క్లారెన్స్ డారో వాదించగా మొదటి జ్యూరీ తేల్చలేకపోయింది, 1926 మేలో రెండో జ్యూరీ డాక్టరు తమ్ముడు హెన్రీని నిర్దోషి అంది. రెండు విచారణల్లోనూ జ్యూరీ అంతా తెల్లవాళ్ళే కావడం చదివినప్పుడు, ఈ దేశం మీద నాకున్న అభిమానం ఎందుకు చావదో అర్థమైంది.

రాళ్ళు వేసినవాళ్ళు ధనవంతులేమీ కాదు. ఎక్కువమంది ఫ్యాక్టరీ పనివాళ్ళు, చిన్న ఉద్యోగులు, కూడబెట్టినదంతా పోసి, పైన అప్పు చేసి ఇళ్ళు కొనుక్కున్నవాళ్ళు. నల్లకుటుంబం పక్కకు వస్తే ఇంటి ధర పడిపోతుందని, అప్పు మాత్రం అలాగే ఉంటుందని వాళ్ళ గుబులు. అప్పటి కలిమి అంతా ఇంకా వాయిదాలు కట్టవలసిన కలిమి. అప్పుడే చేతికందిన మెట్టును పట్టుకుని వేలాడుతున్నవాడికి కింద నుంచి ఎక్కివచ్చేవాడంటే ఎంత భయమో, పైనున్న ఆసామికి అంత ఉండదు. 1924 నగర మేయరు ఎన్నికలో తెల్లజాతి ఆధిక్యం కోసం పనిచేసే క్లూ క్లక్స్ క్లాన్ ముఠా బలపరిచిన అభ్యర్థి పేరు బ్యాలెట్ మీద లేకపోయినా జనం చేత్తో రాసి అతణ్ణి గెలుపు అంచుదాకా తెచ్చారంటే, ఆ భయమే కారణమని నా నమ్మకం.

ఇల్లు అద్దెకిచ్చే ముందు మన ఊళ్ళలో ఏ ప్రశ్నలు అడుగుతారో మనకు తెలుసు కాబట్టి, ఇలాంటిది మన దగ్గర లేదని నేను అనను. మా సబర్బులో మన తెలుగువాళ్ళే బడి రేటింగుల పేరు చెప్పి పక్కకు ఎవరు రావాలో, ఎవరు రాకూడదో మాట్లాడుకోవడం విని మనసు కష్టపెట్టుకున్నాను. అయినా మనం చేసేది నోటి మాటతో, ముఖం తిప్పుకోవడంతో జరిగే అన్యాయం. ఇక్కడివాళ్ళు దాన్ని జనాభా లెక్కలతో, నల్లవాళ్ళకు అమ్మకూడదని రాసుకున్న ఇంటి దస్తావేజు షరతులతో, కోర్టు తీర్పులతో చేశారు. ఏది ఎక్కువ పాపమో తూచడం నా వల్ల కాదు గానీ, కాగితం మీద రాసుకున్న అన్యాయాన్ని ఎత్తి చూపి కొట్టివేయించవచ్చు, ఇళ్ళ షరతులను 1948లో సుప్రీంకోర్టు అలాగే అమలుకాకుండా చేసింది. మన వీధుల్లో అడిగే ప్రశ్నలను ఏ కోర్టుకు తీసుకెళ్ళగలం?

1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో పని పోయినప్పుడు ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో స్పష్టంగా బయటపడింది. 1932 మార్చి 7న వేలమంది నిరుద్యోగులు చలిలో ఫోర్డ్ రూజ్ కర్మాగారం గేటు వైపు నడిచారు. పని కావాలని, వైద్యం కావాలని, నల్లవాళ్ళ పట్ల వివక్ష వద్దని వాళ్ళు అడిగారు. ఆ కర్మాగారం ఉన్న డియర్‌బార్న్ ఊరి పోలీసులు, కంపెనీ కాపలాదార్లు బాష్పవాయువు, చన్నీళ్ళ గొట్టాలు, ఆ తర్వాత తుపాకులు వాడారు. అప్పుడు నలుగురు పోయారు, గాయపడిన కర్టిస్ విలియమ్స్ తర్వాత పోయాడు. ఆ నలుగురూ ఉన్న ఊడ్‌మియర్ శ్మశానంలో విలియమ్స్‌కు చోటివ్వలేదు, ఆయన నల్లవాడు. అదే ఏడాది, మంచి రోజుల్లో పనికి పిలిపించుకున్న మెక్సికన్ కుటుంబాలను రైళ్ళెక్కించి సరిహద్దు దాటించారు. వాళ్ళలో అమెరికాలో పుట్టిన పిల్లలూ ఉన్నారు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజుల గడువు ఉంటుంది, ఆ లోగా వేరే ఉద్యోగమో దారో చూసుకోవాలి. లేఆఫ్ మాట వినిపించినప్పుడల్లా నాకు ఆ రైళ్ళు గుర్తుకు వస్తాయి.

భారతీయులకు 1946లో ఏడాదికి వందమంది చొప్పున తలుపు ఓరగా తెరిచారు. పుట్టిన దేశాన్ని బట్టి వాటా కట్టే ఆ పాత పద్ధతి 1965 చట్టంతోనే పోయింది. 1964 పౌరహక్కుల చట్టానికీ, 1965 ఓటుహక్కు చట్టానికీ పక్కనే అది పుట్టడం యాదృచ్ఛికం కాదు. దక్షిణాది వీధుల్లో నల్లవాళ్ళు లాఠీదెబ్బలు తిని జాతిలెక్కలు సిగ్గుపడదగ్గవని దేశం చేత ఒప్పించాకే, మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడికి రాగలిగారు. అది రుణమేనని ఒప్పుకుంటాను. ఒప్పుకుంటూనే ఇంకో మాట కూడా చెప్పాలి. ఉద్యోగాల గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతమన్న హద్దు ఇప్పటికీ ఉంది. 140 కోట్ల జనాభా ఉన్న దేశానికీ, సుమారు 4 లక్షలున్న ఐస్‌లాండుకూ అదే హద్దు. అందులో జాతి మాట లేదు, నిజమే, కానీ ఎక్కడ పుట్టావన్న ప్రశ్న మాత్రం 1924 నుంచి అలాగే ఉంది. దాన్ని తొలగించే బిల్లును 2019లో ప్రతినిధుల సభ, 2020లో మరో రూపంలో సెనేటు ఆమోదించాయి, రెండూ ఒకటి కాకుండానే మూలపడ్డాయి. ఈలోగా మా అమ్మాయికి 21 ఏళ్ళు నిండితే మా దరఖాస్తులోంచి తన పేరు పోతుంది, చిన్నప్పటి నుంచీ పెరిగిన ఈ దేశంలోనే తను స్టూడెంటు వీసాకు కొత్తగా అప్లై చేసుకోవాలి.